చైనా మూలికల మీద చర్చ: చింగ్‌హావ్, నాభి, పరంగి చెక్క, అనాసపువ్వు

నల్లేరు (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను పాడేరు వైపు హైస్కూల్లో సైన్సు చెబుతాను. వానలు పడితే మా పిల్లలకు జ్వరాలు తప్పవు. ఆశా కార్యకర్త వచ్చి వేలు గుచ్చి కిట్‌తో పరీక్ష చేస్తుంది. ఫాల్సిపారం (మలేరియాలో ప్రమాదకరమైన రకం) అని తేలితే వయసుని బట్టి రంగు మారే మాత్రల అట్ట చేతిలో పెడుతుంది. ఆ అట్ట మీద ఆర్టిసునేట్ అని ఉంటుంది. "ఇది దేంతో చేస్తారు మేడమ్?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. చైనా వాళ్ల చింగ్‌హావ్ అనే మొక్క నుంచి అని చెప్పాను.

ఆ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో కుప్పకూలుతుంటే, అప్పటిదాకా వాడే క్లోరోక్విన్ మందు పనిచేయడం మానేస్తుంటే, చైనా ప్రభుత్వం 1967 మే 23న కొత్త మందు కోసం రహస్య ప్రాజెక్టు పెట్టింది. ఆ తేదీతోనే దాన్ని 523 అన్నారు. బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య అకాడమీలో పనిచేసే తు యోయో 1969లో అందులో చేరారు. పాత గ్రంథాలు తిరగేసి, వైద్యుల్ని కలిసి రెండు వేలకు పైగా యోగాలు, అంటే మందుల తయారీ పద్ధతులు, సేకరించారు. చింగ్‌హావ్ నుంచి చివరికి దొరికిన ఆర్టెమిసినిన్ అనే మందుకు 2015లో నోబెల్ వచ్చింది. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాద్‌లోనే కాబట్టి పిల్లలకు ఈ రెండు కథలూ కలిపి చెబుతుంటాను.

నా ప్రశ్న: చైనా మూలికల్లో ఇలా నిలబడినవి ఇంకేమున్నాయి? మన మూలికలతో వాటికి చుట్టరికం ఉందా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

---

ఫ్లాస్కు

నల్లేరు గారూ, మంచి థ్రెడ్. నేను హైదరాబాద్‌లో ఫార్మా కెమిస్టుని. మీరు ఒక్క ముక్కలో దాటేసిన "చివరికి దొరికిన" అన్న చోటే అసలు పని అంతా ఉంది.

చింగ్‌హావ్ సారం మొదట ఎలుకల్లో 68 శాతం దాకా పనిచేసింది. మళ్లీ చేస్తే 12 నుంచి 40 శాతం మధ్యకు పడిపోయింది. ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయని సారాన్ని ఎవరైనా పక్కన పడేస్తారు. అప్పుడు తు యోయో నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన అత్యవసర చికిత్సల పుస్తకాన్ని మళ్లీ చదివారు. అందులో చింగ్‌హావ్ ఒక గుప్పెడు తీసుకుని, నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం మొత్తం తాగమని ఉంది. మరిగించమని లేదు. మామూలుగా మూలికల్ని కషాయం కాస్తారు, ఇది మాత్రం పచ్చి రసం. అంటే వేడికి మందు చెడిపోతోందేమో అని ఆవిడకు తట్టింది.

అందుకని ఈథర్ వాడారు. ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుంది కాబట్టి సారం తీయడానికి పెద్ద వేడి అక్కర్లేదు. పైగా ఆకుని తీసుకున్నారు, కాడల్ని వదిలేశారు. సారంలో ఆమ్ల గుణం ఉన్న భాగం విషపూరితమని తేలితే దాన్ని తీసేసి తటస్థ భాగం ఉంచుకున్నారు. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లో నూటికి నూరు శాతం పనిచేసింది. మనుషులకు ఇచ్చే ముందు 1972లో తు యోయో, సహచరులు తామే తాగి చూశారు. అదే ఏడాది శుద్ధమైన స్ఫటికాలు వచ్చాయి.

రసాయనంగా ఆ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువుల వంతెన ఉంటుంది, పెరాక్సైడ్ వంతెన. పరాన్నజీవి మన ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ తిని ఇనుముతో కూడిన హీమ్‌ని వదులుతుంది. ఆ ఇనుము తగలగానే వంతెన విరుగుతుంది, పుట్టిన ఫ్రీ రాడికల్స్ పరాన్నజీవి ప్రొటీన్లను ధ్వంసం చేస్తాయి. ఎక్కువ వేడి చేస్తే ఆ వంతెన ముందే పోతుంది.

---

పసరాకు

మాది మూడు తరాలుగా పసరు మందు ఇచ్చే ఇల్లు, ఏజెన్సీ కింది మండలం. మా తాత ఏ ఆకునైనా రోట్లో దంచి, గుడ్డలో వేసి పిండేవాడు. పొయ్యి మీద పెట్టడానికి ఒప్పుకునేవాడు కాదు. ఫ్లాస్కు గారు రాసింది చదివితే చాలా సంతోషం వేసింది.

ఒక అనుమానం. చింగ్‌హావ్ అంటే ఆర్టెమీసియా అనే రకం మొక్క అని విన్నాను. వినాయక చవితికి పెట్టే మాచిపత్రి కూడా ఆర్టెమీసియాయే, దవనం కూడా. మరి మాచిపత్రి పసరు తాగితే మలేరియా తగ్గాలి కదా?

---

హెర్బేరియం

పసరాకు గారూ, తగ్గదు. ఇది గట్టిగానే చెప్పాలి.

ఆర్టెమీసియా ప్రజాతిలో వందల జాతులున్నాయి. మందుకు పనికొచ్చే మోతాదులో ఆర్టెమిసినిన్ ఉన్నది ప్రధానంగా ఆర్టెమీసియా యాన్యువా (అదే చింగ్‌హావ్) ఒక్కదానిలోనే. బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యాక కూడా నా దగ్గర రెంటి ఎండు నమూనాలూ ఉన్నాయి. మాచిపత్రి ఆకు తిప్పి చూడండి, కింద తెల్లగా బూజులా నూగు ఉంటుంది, రెక్కలు వెడల్పు. యాన్యువా ఆకు ఫెర్న్ లాగా సన్నగా చీలి చీలి ఉంటుంది, రెండు వైపులా పచ్చనే, నలిపితే కర్పూరం కలిసిన తియ్యటి వాసన. మొక్క ఒక్క ఏడాదే బతుకుతుంది, మనిషి ఎత్తు దాటుతుంది, గుండుసూది తలకాయంత పసుపు పూలు వేలాడతాయి. లెన్సు పెట్టి చూస్తే ఆకు మీద మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి గ్రంథి రోమాలు. ఆర్టెమిసినిన్ తయారయ్యేది ఆ చుక్కల్లోనే.

చైనా వైద్యంలోనూ మాచిపత్రికి దగ్గర చుట్టం ఒకటి ఉంది, ఆర్టెమీసియా ఆర్గై. దాని ఆకు ఎండబెట్టి, దంచి, దూదిలా చేసి, చుట్టలు చుట్టి ఒంటి మీద కీలక స్థానాల దగ్గర కాలుస్తారు. మోక్సా అంటారు. ఒకే ప్రజాతిలో ఒకటి కడుపులోకి, ఒకటి నిప్పు మీదకి.

యాన్యువా మన దేశంలోనూ పండుతోంది. లక్నోలోని సీమాప్ అనే ఔషధ మొక్కల పరిశోధన సంస్థ దాని మెరుగైన రకాలు తయారుచేసి రైతులకు ఇచ్చింది.

---

నల్లేరు

అయితే యాన్యువా మొక్కే పెంచుకుని టీ కాచుకుంటే? యూట్యూబ్‌లో అలాంటి వీడియోలు తిరుగుతున్నాయి, మా ఊళ్లోవాళ్లూ చూశారు.

---

ఫ్లాస్కు

వద్దు. ఆకులో ఎంత ఉందో పంటపంటకీ మారుతుంది, నీళ్లలో సరిగా కరగదు, వేడికి కొంత పోతుంది. తక్కువ మోతాదు వెళ్తే జ్వరం తగ్గినట్టు అనిపించి పరాన్నజీవి మిగిలిపోతుంది. ఫాల్సిపారం మెదడుకి ఎక్కితే గంటల్లో ప్రాణం మీదకొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీలను, ఆకు పొడులను సిఫారసు చేయదు.

ఇంకో ముఖ్యమైన కారణం నిరోధకత. ఆర్టెమిసినిన్ ఒంట్లో కొద్ది గంటలే ఉంటుంది. అందుకే ఎక్కువసేపు ఉండే ఇంకో మందు జత చేసి ఇస్తారు, దాన్నే ఏసీటీ అంటారు. ఆశా కార్యకర్త ఇచ్చే అట్టలో రెండు రకాల మాత్రలున్నది అందుకే. కాంబోడియా పడమటి ప్రాంతంలో ఈ మందుకి లొంగని పరాన్నజీవులు ఇప్పటికే పుట్టాయి. మూడు రోజుల కోర్సు పూర్తిగా మింగించండి, ఒక్కరోజు కూడా వదలకూడదు.

---

తూర్పుగాలి

డాక్టర్‌నండీ. చైనాలో ఎంబీబీఎస్ చేసి వచ్చాను, ఇప్పుడు తిరుపతి దగ్గర పనిచేస్తున్నాను. మాకు వాళ్ల సంప్రదాయ వైద్యం ఒక సబ్జెక్టు. ఆసుపత్రిలో ఇంగ్లిష్ మందుల కౌంటర్ పక్కనే మూలికల ఫార్మసీ ఉండేది. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు. ఒక్కో సొరుగులో రెండు మూడు అరలు, పైన అక్షరాలు. ఫార్మసిస్టు చీటీ చూసి పది పన్నెండు మూలికలు తూచి, రోజుకొక పొట్లం చొప్పున కడతాడు. కాచుకునే ఓపిక లేనివాళ్లకు అక్కడే మెషీన్‌లో కాచి పాల ప్యాకెట్లలా సీల్ చేసి ఇస్తారు.

నల్లేరు గారు అడిగినట్టు ఒంటరి మొక్కగా నిలబడినవి ఉన్నాయి. మాహువాంగ్ అనే మూలిక నుంచి నగాయ్ అనే జపాన్ శాస్త్రవేత్త 1885లో ఎఫెడ్రిన్ తీశాడు, ఉబ్బసానికి చాలాకాలం అదే దిక్కు. హువాంగ్‌లియాన్ వేరులోని బెర్బెరిన్ ఈరోజుకీ చైనాలో విరేచనాలకు మాత్రగా అమ్ముతారు. మన మానుపసుపులో ఉన్న పసుపు రంగు పదార్థం కూడా అదే. కానీ వాళ్ల వైద్యుడు ఒంటరి మూలిక రాయడం తక్కువ. రాజు, మంత్రి, సహాయకుడు, దూత అని నాలుగు వరసలు పెట్టుకుంటాడు. రాజు అసలు రోగం మీదకి, మంత్రి దానికి బలం, సహాయకుడు రాజు చేసే చెడుపు తగ్గించడానికి, దూత అన్నిటినీ కలపడానికి. ఆ దూత ఉద్యోగం ఎక్కువగా మన అతిమధురానిదే.

కాచే పద్ధతిలో చాలా పట్టింపులున్నాయి. నానబెట్టి, రెండుసార్లు కాచి, రెండు కషాయాలూ కలుపుతారు. పుదీనా లాంటి వాసన ద్రవ్యాలు దించే ముందు వేస్తారు. ఫుజిని మాత్రం మిగతావాటికంటే ముందే వేసి చాలాసేపు ఉడికిస్తారు. ఫుజి అంటే నాభి జాతి దుంప.

---

శొంఠికొమ్ము

ఆయుర్వేద వైద్యురాలిని, రాజమండ్రి. తూర్పుగాలి గారు ఫుజి పేరెత్తారు కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం.

నాభి, అంటే వత్సనాభి, ఘోరమైన విషం. నాలుక, పెదాలు మొద్దుబారి, తర్వాత గుండె లయ తప్పి మనిషి పోతాడు. అయినా రెండు వైద్యాలూ దీన్ని వదల్లేదు. మనవాళ్లు దుంపని ముక్కలు కోసి గోమూత్రంలో రోజూ మారుస్తూ మూడు రోజులు నానబెట్టి ఎండబెడతారు. లేదా గుడ్డ మూటలో కట్టి పాలలో వేలాడేసి డోలాయంత్రంలో ఉడికిస్తారు. త్రిభువనకీర్తి రసం అనే ఆయుర్వేద మందులో పడేది ఇలా శుద్ధి చేసిన నాభే. చైనాలో సిచువాన్ రాష్ట్రంలోని జియాంగ్‌యో ప్రాంతం ఫుజికి పేరుపడ్డది. తల్లి దుంప పక్కన పుట్టే పిల్ల దుంపలు తీసి, ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్లలో నానబెట్టి, ఉడకబెట్టి, బిళ్లలుగా కోసి, మళ్లీ కడిగి ఆరబెడతారు.

నీళ్లలో ఎక్కువసేపు ఉడికితే నాభిలోని విషం అకోనిటిన్ విరిగి చాలా తక్కువ విషమున్న పదార్థంగా మారుతుంది. దీన్ని ఇప్పుడు ల్యాబుల్లో కొలిచి చూస్తున్నారు. చింగ్‌హావ్‌కు వేడి శత్రువు, నాభికి వేడే శుద్ధి. ఒకే దేశపు ఒకే వైద్యంలో రెండూ ఉన్నాయి. అందుకే "మూలిక ఏది" అని అడిగితే సరిపోదు, ఏ భాగం, ఎలా తయారైంది, ఎంత అని కూడా అడగాలి.

అల్లం విషయంలోనూ వాళ్లది మన లెక్కే. పచ్చి అల్లం ఒక మందు, శొంఠి వేరే మందు.

---

మోడరేటర్

సభ్యులకు మనవి: విషపూరిత మూలికల మోతాదులు ఇక్కడ రాయవద్దు. ఒక పోస్టులోంచి రెండు వాక్యాలు తొలగించాం.

---

కొత్తచిగురు

ఎంతైనా ఇవి ప్రకృతిలో దొరికేవి కదండీ. ఇంగ్లిష్ మందుల్లా సైడ్ ఎఫెక్టులు ఉండవు కదా? మా పిన్ని బరువు తగ్గడానికి ఏదో చైనా మూలికల క్యాప్సూల్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటోంది.

---

హెర్బేరియం

కొత్తచిగురు గారూ, ముందు మీ పిన్నిగారిని ఆ క్యాప్సూల్ ఆపమనండి, తర్వాత ఇది చదవండి.

బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్ ఉండేది. 1990లో తన మందుల్లో రెండు చైనా మూలికలు చేర్చింది. 1992 నాటికి ఆరోగ్యంగా ఉన్న నడివయసు లోపు ఆడవాళ్లు వరసగా కిడ్నీలు చెడి ఆసుపత్రులకు వచ్చారు. అందరూ ఆ క్లినిక్‌కు వెళ్లినవాళ్లే. 1993లో అక్కడి డాక్టర్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. చివరికి వంద మందికి పైగా బాధితులు తేలారు. చాలామందికి డయాలిసిస్ లేదా కిడ్నీ మార్పిడి తప్పలేదు. తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది.

జరిగింది ఏమిటంటే, చైనా మార్కెట్లో ఫాంగ్‌జీ అనే పేరుతో రెండు వేర్వేరు మొక్కల వేళ్లు అమ్ముడవుతాయి. ఒకటి స్టెఫానియా, మన దూసరతీగ కుటుంబానిది. రెండోది అరిస్టోలోకియా. ఎండబెట్టి కోసిన ముక్కల్ని చూసి తేడా పట్టడం మామూలు మనిషి వల్ల కాదు. క్లినిక్‌కు వెళ్లాల్సింది మొదటిది, వెళ్లింది రెండోది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాల కణాల డీఎన్ఏకు అతుక్కుంటుంది. చాలా ఏళ్ల తర్వాత కూడా ఆ గుర్తు కణాల్లో దొరుకుతుంది. బాల్కన్ ప్రాంతాల్లో దశాబ్దాల పాటు అంతుచిక్కని కిడ్నీ జబ్బుకూ ఇదే కారణమని తేల్చారు. గోధుమ చేలో కలుపుగా పెరిగిన అరిస్టోలోకియా గింజలు పిండిలో కలిసేవి. అమెరికా 2001లో హెచ్చరిక ఇచ్చింది, చైనా 2003 నుంచి ఈ జాతి మూలికల్ని ఒక్కొక్కటిగా తీసేసింది.

ఇది చైనా తప్పు అని చేతులు దులుపుకోడానికి లేదు. మన గాడిదగడప, ఈశ్వరి రెండూ అరిస్టోలోకియాలే. రెంటిలోనూ ఆ ఆమ్లం ఉంది.

---

పసరాకు

హెర్బేరియం గారూ, ఈశ్వరి వేరు మా ఇంట్లో పాము కాటుకు తరతరాలుగా ఇచ్చినదే. గాడిదగడప ఆకు పిల్లల కడుపులో పురుగులకు. ఎవరికీ ఏమీ కాలేదని మా పెద్దలంటారు. మీరు చెప్పేదాన్ని కొట్టిపారేయట్లేదు, కానీ మా అనుభవానికి విలువ లేదా?

---

హెర్బేరియం

ఉంది. చింగ్‌హావ్ దొరికింది అలాంటి అనుభవం ఎవరో రాసిపెట్టబట్టే. కానీ కళ్ల ముందు కనిపించే ఫలితాన్ని అనుభవం బాగా పడుతుంది. ఇవాళ ఆకు తింటే పదిహేనేళ్లకు పాడయ్యే కిడ్నీని పట్టలేదు. ఆ రోగికి, ఆ ఆకుకి లంకె వేసేవాళ్లు ఊళ్లో ఎవరూ ఉండరు.

పాము కాటు సంగతి వేరే. కాట్లలో చాలా వరకు విషం లేని పాములవో, విషం ఎక్కనివో. అక్కడ ఏ వేరు ఇచ్చినా మనిషి బతుకుతాడు. నిజంగా నాగుపామో కట్లపామో కరిస్తే ఆసుపత్రిలో యాంటీవెనమ్ ఒక్కటే దారి. దయచేసి గంట కూడా పోగొట్టకండి.

---

పసరాకు

పాము కాటుకు ఇప్పుడు మేమూ 108కే ఫోన్ చేస్తాం. గాడిదగడప సంగతి మాత్రం నాకు తెలియదు. ఇంట్లో మాట్లాడతాను. పిల్లలకు ఇవ్వడం ఆపిస్తాను.

---

పాతపొత్తం

వేరే దారిలో ఒక ముక్క. చైనా మూలిక మన వైద్యంలోకి ఎప్పుడో వచ్చేసింది. మూలికల కొట్లలో అమ్మే పరంగి చెక్క చైనా వైపు స్మైలాక్స్ తీగ దుంప. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో పాటు సుఖవ్యాధి వస్తే, దానికి విరుగుడుగా అదే ఓడల్లో ఈ దుంపా వచ్చింది. గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చయిన తన పుస్తకంలో దీని మీద ఒక అధ్యాయమే రాశాడు. భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం దీన్ని ద్వీపాంతర వచ అని, ఫిరంగ రోగానికి (అంటే ఆ సుఖవ్యాధికి) మందు అని చెప్పింది.

దాదాపు అదే కాలంలో చైనాలో లీ షిజెన్ కూడా ఇదే జబ్బుకు దీని దగ్గరి జాతి దుంపనే రాశాడు. హూబె ప్రాంతపు వైద్యుడాయన. కొండలు తిరిగి, రైతుల్ని, వేటగాళ్లని, జాలర్లని అడిగి, పాత పుస్తకాల్లోని పొరపాట్లు దిద్దుతూ 1578కి తన మహాగ్రంథం పూర్తిచేశాడు. 1,892 ద్రవ్యాలు, పదకొండు వేల పైచిలుకు యోగాలు. అచ్చు ప్రతి 1596లో వచ్చేసరికి ఆయన లేడు. ఒకే పేరుతో రెండు మొక్కలు, ఒకే మొక్కకు నాలుగు పేర్లు ఉన్న గందరగోళాన్ని సరిచేయడానికే ఆయన జీవితంలో సగం పోయింది. బ్రస్సెల్స్ సంగతి చదివాక ఆ పని విలువ ఇంకా బాగా తెలిసింది నాకు.

---

జురాంగ్_తెలుగు

సింగపూర్ నుంచి. ఇక్కడ పేటపేటకీ చైనా మందుల కొట్లు ఉంటాయి, మా పక్కింటి ఆంటీ సూపులో గోజి పళ్లు, ఎర్ర ఖర్జూరాలు వేయని వారం ఉండదు. అది వంటలో భాగమే, భయం లేదు.

కానీ ఇదే దేశం తూర్పుగాలి గారు చెప్పిన హువాంగ్‌లియాన్‌ని 1978లో నిషేధించింది. పుట్టిన బిడ్డలకు కామెర్లు ముదరడానికి బెర్బెరిన్ కారణమని అనుమానించారు. జీ6పీడీ లోపం (కామెర్లకు దారితీసే ఒక పుట్టుకతో వచ్చే ఎంజైమ్ లోపం) ఉన్న పిల్లలు ఇక్కడ ఎక్కువ. మళ్లీ అనుమతించింది చాలా ఏళ్ల తర్వాత, అదీ జాగ్రత్తల మధ్య. పసిపిల్లలకు చేదు మందు పట్టే అలవాటు మనకూ ఉంది కాబట్టి రాస్తున్నాను.

---

ఫ్లాస్కు

బిర్యానీలో వేసే అనాసపువ్వు ఎవరూ ఎత్తలేదు. ప్రపంచానికి అది ఎక్కువగా వచ్చేది చైనాలోని గ్వాంగ్‌షీ నుంచి. వాళ్లకి అది వంట దినుసూ, చలి చేసిన కడుపుకి మందూ. దానిలోని షికిమిక్ ఆమ్లం నుంచే ఫ్లూ మందు ఓసెల్టామివిర్ తయారీ మొదలైంది. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో అనాసపువ్వుకి గిరాకీ ఎక్కడికో పోయింది. ఆ మందు తయారుచేయడానికి మన హైదరాబాద్ మందుల కంపెనీ హెటెరోకు స్విస్ కంపెనీ రోష్ లైసెన్సు ఇచ్చింది అప్పుడే.

అనాసపువ్వు నమిలితే ఫ్లూ తగ్గదు. షికిమిక్ ఆమ్లం ముడిసరుకు మాత్రమే, దాన్ని మందు చేయడానికి చాలా రసాయన చర్యలు జరగాలి. ఇంకోటి, జపాన్ అనాసపువ్వు అచ్చం ఇలాగే ఉంటుంది, కాస్త చిన్నది, అది తింటే ఫిట్స్ వస్తాయి. రెండూ కలిసిన టీ తాగి చిన్నపిల్లలు ఆసుపత్రి పాలైతే అమెరికాలో 2003లో హెచ్చరిక వచ్చింది. తెలిసిన కొట్లో, పప్పు దినుసులతో పాటు కొనేది కొనండి. ఎక్కడో విడిగా అమ్మే పొడి వద్దు.

---

మేడిపండు

థ్రెడ్ అంతా చదివాను. నాన్నగారికి గుండె వాల్వ్ మార్చారు, రక్తం పలుచబడే మాత్ర వేసుకుంటారు. మా కజిన్ విదేశం నుంచి "గుండెకి మంచిది" అని ఒక సీసా తెచ్చాడు. లేబుల్ మీద దాన్‌షెన్, జిన్సెంగ్ అని ఉన్నాయి. రెండు వారాలుగా వేసుకుంటున్నారు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. బ్రష్ గట్టిగా తోముతున్నారనుకున్నాం. టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

---

తూర్పుగాలి

మేడిపండు గారూ, సీసా ఇప్పుడే ఆపండి. రక్తం మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, వాల్వ్ ఉంది కాబట్టి అది ఇంకా ప్రమాదం. ఇవాళే ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసేది) చేయించి కార్డియాలజిస్టుకు సీసాతో సహా చూపించండి. దాన్‌షెన్ ఆ మాత్ర ప్రభావాన్ని పెంచుతుంది, రక్తస్రావాలు నమోదయ్యాయి. దాంగ్‌గుయ్ అనే ఇంకో వేరు కూడా అంతే. జిన్సెంగ్ దీనికి తలకిందులుగా ప్రభావాన్ని తగ్గించిన కేసులున్నాయి. రెండూ ఒకే సీసాలో ఉంటే ఎటు పోతుందో ఊహించలేం. మలం నల్లగా రావడం, విపరీతమైన తలనొప్పి, ఒంటి మీద కమిలిన మచ్చలు ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

---

శొంఠికొమ్ము

దీనికి తోడు, బీపీ ఉన్నవాళ్లు గొంతుకి మంచిదని అతిమధురం రోజూ నమలడం కూడా మానాలి. ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. గుండె మందులు వేసుకునేవాళ్లు నా దగ్గరికి వచ్చినా ముందు అడిగేది ఆ మందుల చీటీయే.

---

మేడిపండు

తూర్పుగాలి గారూ, నిన్న సాయంత్రమే తీసుకెళ్లాం. ఐఎన్ఆర్ ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. ఒక రోజు ఉంచుకుని పంపారు, మాత్ర మోతాదు వాళ్లే మార్చారు, మూడు రోజులకు మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. సీసా లేబుల్ ఫొటో కేస్ షీట్‌లో పెట్టుకున్నారు. చిగుళ్ల రక్తం ఆగింది. కజిన్‌కి ఫోన్ చేసి అదే సీసా ఇంకెవరికిచ్చాడో కనుక్కున్నాను. వాళ్ల మామగారికీ ఇచ్చాడట, ఆయనకు స్టెంట్ ఉంది. వాళ్లకూ చెప్పాం.

---

నల్లేరు

నాన్నగారు కోలుకోవాలి మేడిపండు గారూ. హెర్బేరియం గారూ, మాచిపత్రి, యాన్యువా ఆకుల ఫొటోలు వెనకా ముందూ తీసి ఇక్కడ పెట్టగలరా? క్లాసులో చూపిస్తాను, పసరాకు గారికీ పనికొస్తాయి.

---

హెర్బేరియం

తప్పకుండా. గాడిదగడప, ఈశ్వరి ఫొటోలు కూడా తీస్తాను, కాయలతో సహా. ఆ రెండూ పిల్లలకు గుర్తు ఉండాలి.